పిల్లల్ని తూచారు సరే, బడిని ఎప్పుడు తూస్తారు?

2024 డిసెంబర్ 4న దేశమంతటా ఒకే రోజు పరీక్ష జరిగింది. 781 జిల్లాలు, 74 వేల పైచిలుకు బడులు, 21 లక్షల మంది పిల్లలు. మూడు, ఆరు, తొమ్మిది తరగతుల వాళ్లు. దాని పేరు పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్. అంతకుముందు 2017లో, 2021లో జరిగినప్పుడు దాన్ని నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే అన్నారు. పేరు మారింది గానీ నడిపేది ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లే. ఫలితాలు 2025 జులైలో బయటికొచ్చాయి. మూడో తరగతిలో 99 దాకా అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదానికీ, పెద్దదాని నుంచి చిన్నదానికీ పేర్చగలిగినవాళ్లు నూటికి 55 మంది. ఆరో తరగతిలో పదో ఎక్కం దాకా వచ్చినవాళ్లు నూటికి 53 మంది. అంటే అయిదారేళ్లు బడికి పోయొచ్చిన పిల్లల్లో దాదాపు సగం మందికి పది ఎక్కాలు కూడా రావన్నమాట.

ఈ లెక్క పేపర్లో పడ్డప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. "సర్కారు బడి అంటే అంతే లెండి" అని కొందరు. ఇంకొందరు గొంతు కాస్త తగ్గించి, "ఆ పిల్లలకి చదువెక్కదండీ, ఇళ్లల్లో వాతావరణం అట్లాంటిది" అని. ఆ పిల్లలంటే ఎవరో విడమరిచి చెప్పక్కర్లేదు. సర్కారు బడిలో ఇవాళ కూచున్నది ఎవరు? మాల, మాదిగ, రెల్లి, యానాది, ఎరుకల, లంబాడి, కోయ పిల్లలు. చాకలి, మంగలి, వడ్డెర పిల్లలు. పేద ముస్లిం పిల్లలు. ఊళ్లో పెద్దిళ్ల పిల్లలు పసుపుపచ్చ బస్సెక్కి వెళ్లిపోయి చాలా కాలమైంది. కాబట్టి సర్కారు బడి పిల్లలకి ఎక్కాలు రావు అన్నారంటే అది మన ఇళ్ల మీద చెప్పిన తీర్పే. 1990లో మండల్‌కి అడ్డంపడి రోడ్డెక్కి 'మెరిట్, మెరిట్' అని అరిచిన నోళ్లకి అప్పట్లో చూపించడానికి పట్టిక లేదు. ఇప్పుడు దొరికింది.

మరి ఈ పరీక్షలే వద్దందామా? అలా అనే మిత్రులున్నారు. ఉపాధ్యాయ సంఘాల్లోనూ ఉన్నారు, వామపక్షాల్లోనూ ఉన్నారు. ఇవి ప్రపంచ బ్యాంకు మెప్పు కోసం పెట్టే పరీక్షలు, బడిని దుకాణం చేసే ఎత్తుగడ అంటారు. వాళ్ల అనుమానం ఉత్తది కాదు. కానీ మేం ఒకటి అడుగుతాం. ఏ పరీక్షా లేని రోజుల్లో బాగుపడిందెవరు? ఏడో తరగతి దాకా చదివి, ఇంటికొచ్చిన ఉత్తరాన్ని పక్కింటివాళ్ల చేత చదివించుకున్నవాళ్లు ప్రతి వాడలోనూ ఉన్నారు. హాజరు పట్టీలో పేరుంది, టీసీ మీద సంతకం ఉంది, చదువు మాత్రం లేదు. ఈ సంగతి వాడకు తెలుసు. ఎంఈఓ దగ్గరికి పోయి చెబితే "మీ పిల్లే సరిగా రాదు" అంటాడు. కాదని చూపించడానికి చేతిలో ఏముంది?

2005 నుంచి అసర్ పేరుతో ప్రథమ్ సంస్థ వాళ్లు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చేత చదివించి చూస్తున్నారు. 2024లో పల్లెటూరి సర్కారు బడి మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతం. అయిదో తరగతికొచ్చాక కూడా అదే రెండో తరగతి పాఠం చదవగలిగింది 44.8 శాతం. ఇవి మనల్ని తిట్టే అంకెలు అనుకుంటే తిట్లే. మన అర్జీ అనుకుంటే అర్జీ. అయిదేళ్లు మా పిల్లల్ని మీ చేతిలో పెట్టాం, ఏం చేశారు అని నిలదీయడానికి ఇంతకంటే కాగితం ఏం కావాలి? అందుకే మేం పరీక్ష వద్దనం. ఆ పట్టికలో ఏం రాస్తున్నారు, ఏం దాస్తున్నారు, దాన్ని ఎవరి ముందు చదువుతున్నారు? మా తగువల్లా అక్కడే.

తగువు కొత్తదేం కాదు. 1862లో ఇంగ్లండులో ఒక పద్ధతి పెట్టారు. ఇన్‌స్పెక్టరు బడికొచ్చి చదవడం, రాయడం, లెక్కలు - ఈ మూడింట్లో పిల్లల్ని ఒక్కొక్కరినీ పరీక్షిస్తాడు. ఎంతమంది పాసైతే బడికి అంత గ్రాంటు. ఆ రిజల్టు గ్రాంటే మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది, అంటే మన కోస్తాకీ రాయలసీమకీ. బొంబాయి వైపూ వచ్చింది. 1882లో హంటర్ కమిషన్‌కి ఇచ్చిన వాంగ్మూలంలో జోతిబా ఫూలే దీని గురించి మాట్లాడాడు. ఫలితం చూసి డబ్బిచ్చే పద్ధతి చదువు ముఖం ఎరగని జనానికి పనికిరాదన్నాడు. అట్లాంటి జనం మధ్య బడి పెడితే పంతులికి పొట్ట గడవదు, సొంతంగా ఏ పంతులూ ముందుకు రాడు, కాబట్టి సర్కారే బడి పెట్టాలి, పిల్లలకి ప్రత్యేక ప్రోత్సాహం ఇవ్వాలి అన్నాడు. మహర్, మాంగ్ పిల్లల్ని పై కులాల పిల్లల పక్కన కూచోనివ్వరు కాబట్టి వాళ్లకి బడి తలుపు మూసినట్టేనని కూడా అదే వాంగ్మూలంలో ఉంది. మార్కు అడిగే ముందు బడి ఉందా, పంతులు ఉన్నాడా, పిల్లని లోపల కూచోనిచ్చారా అని ఆయన అడిగాడు.

నూట నలభై ఏళ్లు దాటాయి. ఇప్పుడు మన బడి చూడండి. 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో ఒక్క టీచరే ఉన్న బడులు లక్షకు పైగా. అందులో మొదటి స్థానం మన ఆంధ్రప్రదేశ్‌దే, 12,900కు పైగా. ఒక్క పంతులు, అయిదు తరగతులు. మూడో తరగతికి ఎక్కం చెబుతుంటే ఒకటో తరగతి పిల్లాడు పలక పక్కన పెట్టుకుని నిద్రపోతాడు. ఓటర్ల జాబితా పని పడితే ఆ ఒక్క పంతులూ ఉండడు. ఇట్లాంటి బడి నుంచి వచ్చిన పిల్లకీ, తరగతికో టీచరూ ఇంటి దగ్గర ట్యూషనూ ఉన్న పిల్లకీ ఒకే ప్రశ్నాపత్రం. వచ్చిన మార్కు మాత్రం పిల్లదే! టీచరు ఎక్కడా? ఖాళీ పోస్టు ఎక్కడా? సర్వేలో హెడ్మాస్టరుకీ టీచరుకీ కూడా ప్రశ్నలున్న కాగితాలు ఇస్తారు, అబద్ధం ఎందుకు ఆడాలి. కానీ పొద్దున పేపర్లో హెడ్డింగయ్యేది మాత్రం పిల్లలకి రాని ఎక్కమే.

నాణ్యత అనే మాట వినబడితే చాలు, వాడ పక్కనున్న బడికి ఏదో మూడిందని అర్థం. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 తెచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని చిన్న బడుల నుంచి తీసి దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపారు. సబ్జెక్టు టీచరు దొరుకుతాడు, చదువు బాగుపడుతుంది అన్నారు. ఎనిమిదేళ్ల పిల్ల ఎంత దూరం నడవాలో, మధ్యలో ఏ రోడ్డు దాటాలో వాడ తల్లుల్ని ఎవరూ అడగలేదు. 2025లో ఆ జీవోని వెనక్కి తీసుకున్నారు. పెట్టినప్పుడూ తీసినప్పుడూ మన మాట అడగలేదు, అది వేరే సంగతి.

ఇక అసలు గడి సంగతికి వద్దాం. కులం గడి. 2021 సర్వేలో లెక్కల మార్కు 500కి గాను మూడో తరగతిలో 306, అయిదులో 284, ఎనిమిదిలో 255. పై తరగతికి పోయేకొద్దీ కిందికి జారుతోంది. ఆ నివేదికలో ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లల మార్కులు విడిగా వేశారు, అవి జనరల్ పిల్లల కంటే తక్కువగా ఉన్నాయి. మంచిదే, వేశారు. కానీ ఆ లెక్క జిల్లా దగ్గర ఆగిపోతుంది. అది నమూనా సర్వే, కొన్ని బడుల్లో కొంతమంది పిల్లలకే పెడతారు, కాబట్టి ఫలానా ఊరి బడి లెక్క ఇవ్వరు. ఇక అసర్ నివేదికలు చూడండి. ఆడా మగా ఉంటుంది, సర్కారూ ప్రైవేటూ ఉంటుంది, తల్లి చదువు ఉంటుంది, కులం గడి ఉండదు. పల్లెటూరిని కులం లేకుండా కొలవడం ఎట్లాగో మాకైతే తెలీదు. ఊరు ఒకవైపు, వాడ ఒకవైపు ఉన్న దేశంలో ఇంటింటికీ తిరిగినవాళ్లకి ఆ మధ్యలో దారి కనబడలేదా?

"పిల్లలంతా ఒక్కటే గదా, కులం ఎందుకండీ రాయడం" అని అడిగే పెద్దమనుషులున్నారు. పెళ్లిళ్ల పేరయ్య దగ్గర వీళ్లు ఈ ప్రశ్న అడగరు. అయినా ఈ ప్రశ్నని మేం తోసిపుచ్చం, ఎందుకంటే ఇందులో నిజమైన మెలిక ఒకటుంది.

ఉత్తరప్రదేశ్ పల్లెల్లో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. 2006లో అచ్చయింది. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు, సగం పై కులాల వాళ్లు, సగం చమార్లు. కాగితం మీద చిక్కుదారులు గీసిచ్చి, బయటపడే దారి కనుక్కోమన్నారు. ఎన్ని కనుక్కుంటే అన్ని డబ్బులు. కులం ఊసెత్తకుండా కూచోబెట్టినప్పుడు ఇద్దరికీ పెద్ద తేడా లేదు. అదే, పిల్లాడి పేరు, తండ్రి పేరు, ఊరు, కులం అందరి ముందూ చదివి వినిపించి కూచోబెడితే చమార్ పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. తెలివి అదే, కాగితం అదే. మధ్యలో ఒక్క మాట పిలిచారు, అంతే.

మనకిది ప్రయోగం చేసి చెప్పాలా? బాబాసాహెబ్ జీవిత చరిత్రల్లో నల్లబల్ల ముచ్చట ఉంటుంది గదా. లెక్క చెయ్యమని పంతులు పిలిస్తే భీమ్ లేచాడు. పై కులాల పిల్లలంతా ఒక్క ఉదుటున పరుగెత్తారు, నల్లబల్ల వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని తీసుకోవడానికి. ఆ రోజు ఆ తరగతిలో జరిగిన పరీక్ష లెక్కలదా, ఇంకోదా? తర్వాతి కాలంలో డబ్బాలు పోయాయి, "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి, స్కాలర్‌షిప్ ఫారాలొచ్చాయి" అనే పిలుపు వచ్చింది. మనలో చదువుకున్న ఎవరినైనా అడగండి, ఆ నిలబడ్డం ఎట్లా ఉంటుందో చెబుతారు.

దిద్దే చేతి సంగతి కూడా చెప్పాలి. రేమా హన్నా, లీ లిండెన్ 2012లో అచ్చేసిన పరిశోధన ఉంది. పిల్లలు రాసిన జవాబు పత్రాల మీద కులం, వయసు, ఆడా మగా అనేవి ఊరికే అటూ ఇటూ మార్చి వేసి టీచర్ల చేత దిద్దించారు. కింది కులం అని ఉన్న కాగితానికి మార్కులు కాస్త తగ్గాయి. తేడా చిన్నదే, కానీ ఉంది. ఇందులో మింగుడుపడని ముక్క ఏంటంటే, అలా తగ్గించింది ఎక్కువగా కింది కులాల టీచర్లే. దీన్ని దాచిపెడితే లాభం లేదు. వందల ఏళ్లు మనల్ని తక్కువని చెప్పినవాడి గొంతు మన చేతిలోని ఎర్ర పెన్నులోకి కూడా ఎక్కింది. దాన్ని దించుకోవడం మన సంఘాల పని.

కాబట్టి మా మాట ఇది. పరీక్ష గదిలో కులం పిలవొద్దు. పట్టికలో కులం దాచొద్దు. రెండూ ఎట్లా కుదురుతాయి అంటారా, కుదురుతాయి. పిల్ల ముందు కూచుని "ఏ కులం?" అని అడిగి గడి నింపడం మానెయ్యాలి. పిల్ల కాగితం మీద అంకె ఒక్కటే ఉండాలి. దిద్దేవాడికి ఆ అంకె తప్ప ఏమీ తెలియకూడదు. బడి రిజిస్టర్లో కులం ఎలాగూ ఉంటుంది. దిద్దడం అయిపోయాక ఆఫీసులో ఆ అంకెని రిజిస్టరుతో కలిపి, కులాల వారీగా లెక్క తియ్యాలి. పదో తరగతి జవాబు పత్రాలు దిద్దడానికి పేరు కనబడకుండా కోడ్ వేసే సర్కారుకి ఈ పని చేతకాదని మేం నమ్మం. పిల్లలు మరీ తక్కువగా ఉన్న బడుల్లో ఎవరి మార్కు ఎవరిదో తెలిసిపోతుంది గనక మండలం మొత్తం కలిపి వెయ్యొచ్చు. ఆ మార్కు పక్కనే, అదే వరుసలో, ఆ బడుల్లో ఎన్ని పోస్టులున్నాయి, ఎన్ని ఖాళీ, టీచరు ఎన్ని రోజులు వేరే డ్యూటీకి పోయాడు అన్నది ఉండాలి. వేరే పేజీలో వేస్తే ఎవడూ చూడడు.

ఈ విషయంలో అమెరికాలో నల్లవాళ్ల అనుభవం చూడ్డం మంచిది. దళిత పాంథర్లు తమ పేరు వాళ్ల దగ్గర్నుంచే తెచ్చుకున్నారు, కాబట్టి ఆ ఇల్లు మనకి పరాయిది కాదు. 2002లో అక్కడ ఒక చట్టం వచ్చింది. ప్రతి బడీ చదువు, లెక్కల పరీక్షల ఫలితాల్ని నల్లపిల్లలకి విడిగా, తెల్లపిల్లలకి విడిగా, పేదలకి విడిగా ప్రకటించాలి. మొత్తం సగటు చూపించి నల్లపిల్లల్ని దాని కింద దాచే వీలు లేకుండా పోయింది. అంతవరకు భేష్. కానీ అదే చట్టం మార్కులు పెరక్కపోతే బడి మీద చర్యలు అంది. ఏమైంది? అట్లాంటా నగరంలో, ఎక్కువగా నల్లపిల్లలు చదివే బడుల్లో, టీచర్లు తప్పు జవాబులు చెరిపి ఒప్పు గీతలు గీశారు. 2011లో రాష్ట్ర ప్రభుత్వం వేసిన విచారణలో 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్ల పేర్లు తేలాయి. పిల్లలకి చదువు రాలేదు, కాగితానికి వచ్చింది.

మన దగ్గరా ఆ వాసన ఉంది. ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లోనే పరిశోధకులు పోల్చి చూశారు. టీచర్ల చేతి మీదుగా కాగితంపై జరిగిన పరీక్షలో మార్కులు పొంగాయి, ట్యాబ్ మీద పెట్టిన పరీక్షలో అసలు సంగతి బయటపడింది. పొంగిన మార్కు వల్ల ఎవరికి నష్టం? ఆ మార్కు చూపించి 'అంతా బాగుంది' అనేవాడికి కాదు గదా. అందుకే ఈ సర్వే మార్కుని టీచరు జీతానికో, బడి మూతకో, పిల్లని అదే తరగతిలో ఉంచెయ్యడానికో ముడిపెట్టొద్దంటున్నాం. ఈ చివరిది ఉత్త భయం కాదు. విద్యాహక్కు చట్టాన్ని 2019లో సవరించి అయిదు, ఎనిమిది తరగతుల్లో పిల్లల్ని తప్పించే వీలు కల్పించారు, 2024 డిసెంబర్‌లో కేంద్రం దానికి నిబంధనలు కూడా వేసింది. తప్పిన పిల్ల ఎక్కడికి పోతుందో వాడకు తెలుసు. పత్తి చేనుకి పోతుంది, మిరపకాయల కోతకి పోతుంది.

ఆ చేనులో ఆ పిల్ల ఎన్ని కిలోలు ఏరిందో, కిలోకి ఎంత లెక్కన ఎంత రావాలో, మేస్త్రీ ఎంత కోశాడో నోటితోనే చెబుతుంది. మరి లెక్కలు రావని ఎవరన్నారు? కలకత్తా, ఢిల్లీ బజార్లలో అమ్మకం పని చేసే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్లు చేసిన పరిశోధన 2025లో వచ్చింది. బజార్లో చిల్లర లెక్క గబగబా తేల్చిన పిల్లలే బడి పుస్తకం తీరులో రాసిస్తే తడబడ్డారు. బడి పిల్లలు పుస్తకం లెక్క చేసి బజారు లెక్కలో తడబడ్డారు. అంటే పరీక్ష పత్రం కొలిచేది తెలివిలో ఒక ముక్కని, అదీ బడి భాషలో ఉన్న ముక్కని. ఇంట్లో గోండీ, కోయ మాట్లాడే పిల్లకి తెలుగులో ప్రశ్నిచ్చి లెక్కలు రావంటే, అది లెక్కల పరీక్షా తెలుగు పరీక్షా? అయితే బజారు లెక్క వచ్చు గదా చాలు అనే మాటని మేం ఒప్పుకోం. మేస్త్రీ కోసింది ఎంతో నోటితో చెప్పడం వేరు, కాగితం మీద రాసి కలెక్టరు ముందు పెట్టడం వేరు. మన పిల్లలకి రెండోది కావాలి.

రాత వస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు చూపించారు. అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది 1990-91లో. అప్పుడూ కొలత ఉంది, నిమిషానికి ఇన్ని మాటలు చదవాలి, నూరు దాకా అంకెలు రాయాలి అని. ఆ కొలతలో ఎంతమంది నెగ్గారో ఇవాళ ఎవరికీ గుర్తు లేదు. రాత్రి బడిలో కలిసి కూచున్న ఆడవాళ్లు దూబగుంటలో సారా దుకాణం మూయించారు. 1993లో రాష్ట్రమంతా సారా పోయింది. ఆ ఫలితం వెయ్యడానికి పట్టికలో గడి లేదు.

మనం గర్వంగా చెప్పుకునే గురుకులాల గురించీ ఒక ముక్క. అయిదో తరగతి ప్రవేశ పరీక్షలో వాడలో చురుకైన పిల్లల్ని ఏరుకుని తీసుకుపోతాయి. వాళ్లు ఎదుగుతున్నారు, సంతోషం. కానీ ఏరగా మిగిలిన పిల్లలూ మనవాళ్లే, ఈ జాతీయ పరీక్షలో ఊరి బడి పేరు మీద కూచునేది వాళ్లే. గురుకులం ఫోటో చూపించి ఊరి బడి సంగతి మర్చిపోమంటే కుదరదు.

ఇప్పుడు చెయ్యగలిగింది ఒకటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు, మన వర్గాల తల్లిదండ్రులకి వాళ్ల సంఖ్యకి తగ్గ చోటు. చాలా చోట్ల సంతకాల పుస్తకం ఇంటికే వస్తుంది, మీటింగు జరిగినట్టు రాసుకుంటారు. ఈసారి పుస్తకం వస్తే సంతకం పెట్టకండి, బడికి పోయి కూచోండి. మీ ఊరి బడి గాని, మీ మండలం గాని ఈ సర్వేలో ఉందా, జిల్లా ఫలితంలో ఎస్సీ, ఎస్టీ పిల్లల లెక్క ఎంత, మీ బడికి మంజూరైన పోస్టులెన్ని, ఉన్నదెవరు, కిందటేడాది ఎన్ని పనిదినాలు టీచరు లేకుండా గడిచాయి అని అడగండి. నోటి మాటగా చెబితే ఒప్పుకోకండి, రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద తెల్లకాగితం మీద దరఖాస్తు రాయండి. దారిద్ర్య రేఖకి దిగువన ఉన్నట్టు కార్డు ఉన్నవాళ్లకి ఫీజు కూడా లేదు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రాయడం రాకపోతే అదే బడిలో చదివిన మీ పిల్ల చేత రాయించండి. వచ్చిన జవాబు నకలు మాకు పంపండి. ఊరి పేరుతో సహా అచ్చేస్తాం.